మా వెర్సాయ్ నాటకం: తిరుపతి ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగు ఆటలు ఆడాం. ఆట అయిపోయాక గేటు దగ్గర, మరుసటి రోజు టీ అంగట్లో, ఆ తర్వాత ఫోన్లో అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక మా బృందంలో ఎవరికీ లేదు. నాటకం రాసింది నేనే కాబట్టి ఈ పని కూడా నా మెడకే పడింది. నాకు ఇష్టమైన చోట ఎక్కువసేపు కూర్చున్నాను, మిగతా చోట్ల ముక్తసరిగా తేల్చేశాను. ఓర్చుకోండి.

అసలు ఈ నాటకం దేని గురించి?

పారిస్‌కి 20 కిలోమీటర్ల దూరంలో వెర్సాయ్ అనే ఊరుంది. మన స్కూలు పుస్తకాల్లో వర్సెయిల్స్ అని చదువుకున్నాం, అదే ఇది. 1682లో 14వ లూయీ తన దర్బారుని అక్కడికి మార్చాడు. 107 ఏళ్లు ఫ్రాన్సు రాజులు ఎక్కువ కాలం అక్కడి నుంచే ఏలారు. మా కథ 1788 ఆగస్టు 10న మొదలై 1789 అక్టోబర్ 6 మధ్యాహ్నం ముగుస్తుంది. అప్పటి రాజు 16వ లూయీ, రాణి మరీ ఆంటోనెట్.

అయితే వేదిక మీద ఎక్కువసేపు కనిపించేది వాళ్లిద్దరూ కాదు. గదుల్లో కొవ్వొత్తులు మార్చే మనిషి, అతని భార్య, రాణి బట్టల గదిలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు. ఈ నలుగురూ నా కల్పన. పేరున్న పెద్దవాళ్లంతా చరిత్రలో ఉన్నవాళ్లే.

తిరుపతిలో కూర్చుని ఫ్రాన్సు రాజు కథ ఎందుకు? మనకు రాజులు లేరా?

అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. కొందరు కోపంగా కూడా అడిగారు.

ఉన్నారు. పన్నెండు కిలోమీటర్లు పోతే చంద్రగిరి. విజయనగరం చివరి రాజులు కాపురమున్న చోటు. నిజానికి నేను మొదట రాద్దామనుకున్నది చంద్రగిరి కథే. రాజమహల్ మ్యూజియానికి మూడు ఆదివారాలు తిరిగాను. రాజుల పేర్లు దొరికాయి, దానాలు దొరికాయి, యుద్ధాలు దొరికాయి. పొద్దున రాజుకి నీళ్లచెంబు ఎవరు అందించారో, దాని కోసం ఎవరెవరు పోట్లాడుకున్నారో మాత్రం నాకు దొరకలేదు. నాకు కావలసింది ఆ చెంబు గొడవే.

వెర్సాయ్‌లో అది దొరికింది. రాణి దగ్గర పనిచేసిన కంపాన్ అనే ఆవిడ తన జ్ఞాపకాలు రాసిపెట్టింది. ఆమె చనిపోయాక 1822లో అచ్చయ్యాయి. ఎవరు ఏ గుమ్మం దాకా రావచ్చు, ఎవరు నిలబడాలి, ఎవరికి స్టూలు వేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. చదువుతుంటే ఇదేదో పరాయి దేశం సంగతిలా అనిపించలేదు. తెల్లవారుజామున మేలుకొలుపు, తర్వాత అలంకారం, జనం చూస్తుండగా భోజనం, రాత్రి పవళింపు. ప్రతిదానికీ ఒక వరుస, ప్రతి వరుసలో ఒకరికి హక్కు. సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా వేళలు చూసి రోజు గడిపే ఊరు మనది. తలుపు తీసేటప్పుడు ముందు ఎవరు, వెనక ఎవరు అన్న మాటకి బరువెంతో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దేవుడికి జరిగే వరుసని ఒక మనిషి తనకు జరిపించుకుంటే ఏమవుతుందన్నదే ఈ నాటకం. ఆ మనిషికి ఊళ్లో రొట్టె ధర ఎంతో కూడా తెలియకపోతే మరీను.

రాజుని నిద్రలేపడానికి పన్నెండు నిమిషాల సీనా?

మా దర్శకుడు కూడా ఇదే అడిగాడు. ఏడు నిమిషాలకు కుదిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

రాజు నిద్రలేవడం అక్కడ ఒక వేడుక. గదిలోకి జనాన్ని విడతలు విడతలుగా పంపుతారు. మొదటి విడతలో దూరే హక్కు ఉన్నవాడి ముందు మూడో విడత వాడు తలొంచుకుని నిలబడాలి. చొక్కా అందించే హక్కు ఆ గదిలో ఉన్నవాళ్లలో అందరికంటే పెద్ద హోదా ఉన్నవాడిది. రాత్రి పడుకునేటప్పుడు ఇదంతా తిరగేసి చేస్తారు. అప్పుడు రాజు ఒకరిని ఎంచుకుని చిన్న కొవ్వొత్తి పట్టుకోమంటాడు. అదే ఆ రోజుకి పెద్ద గౌరవం. వందల ఎకరాలున్న ప్రభువు ఆ కొవ్వొత్తి పట్టుకుని రెండు నిమిషాలు నిలబడ్డానని ఏడాదంతా చెప్పుకుంటాడు.

ఇందులో నాకు నవ్వూ దిగులూ ఒకేసారి తెప్పించిన సంగతి ఇంకొకటి. 16వ లూయీ నిజంగా పడుకునేది ఆ గదిలో కాదు. ముత్తాతల నాటి పెద్ద పడకగదిలో అందరి ముందూ పడుకునే తంతు పూర్తి చేసి, వాళ్లు వెళ్లాక లేచి తన సొంత గదికి పోయి నిద్రపోయేవాడు. పొద్దున మళ్లీ ఆ గదికి వచ్చి ‘నిద్రలేచేవాడు’. ఇది తమాషా అని అందరికీ తెలుసు. ఆపేద్దాం అని ఒక్కరూ అనరు, ఎందుకంటే ఆపితే ఎవరి హక్కో ఒకటి పోతుంది. ఆ పన్నెండు నిమిషాలు ఓపిక పట్టిన ప్రేక్షకుడికి విప్లవం ఎందుకొచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

రాణి చలికి వణికే సీను నిజంగా జరిగిందా?

జరిగిందని కంపాన్ రాసింది. చలికాలం. రాణి ఒంటి మీద బట్టల్లేకుండా నిలబడి ఉంది. లోపలి చొక్కా అందించబోతుంటే ఆమె పరివారంలోని పెద్ద దొరసాని వచ్చింది. హోదా ఆమెది కాబట్టి చొక్కా ఆమె చేతికి పోయింది. తలుపు చప్పుడు. ఓర్లియాన్ డచెస్ వచ్చింది, రాజబంధువు. చొక్కా ఆమె చేతికి. మళ్లీ తలుపు చప్పుడు. ఈసారి రాజుగారి తమ్ముడి భార్య, అంటే రాణికి తోడికోడలు. చొక్కా ఆమె చేతికి. ఇంతసేపూ రాణి చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని చలికి వణుకుతోంది. తోడికోడలు కంగారుగా చొక్కా తొడగబోతే రాణి జుట్టు చెదిరింది. రాణి విసుగు దాచుకోవడానికి నవ్వేసిందట.

మేము ఆ సీనుని తెర వెనక నీడలతో చేశాం. మా ఊళ్లో తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లకి నీడ చాలు. మొదటి ఆటలో దీపం సరిగ్గా ఆ క్షణానే ఆరిపోయింది. ఎవరికి జరిగిన అవమానమో తెలియక అందరం చీకట్లో నిలబడ్డాం.

“రొట్టె లేకపోతే కేకు తినమనండి” డైలాగు ఎందుకు పెట్టలేదు? అందుకోసమే వచ్చాం.

జనం మరీ ఆంటోనెట్ అన్నదని చెప్పుకునే ఆ మాట ఆమె అనలేదు కాబట్టి. ఆ మాట రూసో అనే రచయిత తన ఆత్మకథలో రాశాడు, ‘ఒక గొప్ప రాకుమారి’ అన్నదని, పేరు చెప్పకుండా. ఆయన అది రాసే నాటికి మరీ ఆంటోనెట్ ఇంకా ఆస్ట్రియాలో ఆడుకునే పిల్ల. 1755లో పుట్టింది, 1770లో పద్నాలుగేళ్లకి పెళ్లి చేసుకుని ఫ్రాన్సుకి వచ్చింది. పైగా రూసో రాసింది కేకు అని కూడా కాదు, బ్రియోష్ అని. వెన్న, గుడ్లు వేసి చేసే మెత్తటి రొట్టె అది.

డైలాగు పెట్టి ఉంటే చప్పట్లు పడేవి, నాకు తెలుసు. దాని బదులు రెండో అంకంలో కొవ్వొత్తులవాడి భార్య లెక్క చూసుకునే సీను పెట్టాను.

వాళ్ల దుబారా వల్లే కదా ఖజానా ఖాళీ అయింది?

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ సామెత వెర్సాయ్‌కి సరిపోతుంది. కానీ లెక్క చూస్తే కథ కొంచెం వేరుగా ఉంటుంది. 1788 నాటి ప్రభుత్వ ఖర్చులో దర్బారు వాటా సుమారు 6 శాతం. పాత అప్పుల చెల్లింపులకే దాదాపు సగం పోయేది. రాణి గౌన్లు మొత్తం అమ్మేసినా ఆ గొయ్యి పూడదు.

అప్పు ఎక్కడిది? యుద్ధాలది. ఇంగ్లీషువాళ్ల మీద పగ తీర్చుకోవడానికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్సు దిగింది. ఆ యుద్ధం అమెరికాలోనే ఆగలేదు, మన వైపు కూడా జరిగింది. 1782లో సుఫ్రెన్ అనే ఫ్రెంచి నౌకాదళపతి కోరమాండల్ తీరానికొచ్చి హైదర్ అలీకి అండగా ఇంగ్లీషు ఓడలతో పోరాడాడు. అదే ఏడాది డిసెంబర్ 7న హైదర్ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో చనిపోయాడు. అంటే 16వ లూయీ నెత్తి మీది అప్పులో కొంత మన సముద్రంలోనే ఖర్చయింది. చిత్తూరు ఆటలో ఈ డైలాగు వచ్చినప్పుడు వెనక వరుసల్లో చిన్న అలజడి వినబడింది. రాసినవాడికి అంతకంటే ఏం కావాలి?

అప్పు చేసినా పన్ను వసూలుంటే గడిచేదేమో. కానీ ప్రభువులకీ చర్చికీ ముఖ్యమైన పన్నుల నుంచి మినహాయింపు. అందరి భూమి మీదా పన్ను వేద్దామని 1787లో కలోన్ అనే ఆర్థిక మంత్రి పెద్దలందరినీ పిలిచి చెప్పాడు. పెద్దలు వినలేదు, కలోన్ ఉద్యోగమే పోయింది. పొద్దున్నే చొక్కా అందించడానికి పోటీపడేవాళ్లూ, పన్ను కట్టమంటే మొహం తిప్పుకునేవాళ్లూ ఒక్క వర్గం వాళ్లే. మొదటి అంకంలో చొక్కా పట్టుకునే నటులే మూడో అంకంలో పన్ను కాదనే నటులుగా రావడం వెనక కారణం అదే. మనుషులు చాలక డబుల్ యాక్షన్ వేయించాం అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అదీ కొంత నిజమే.

టిప్పు సుల్తాను మనుషులు వెర్సాయ్ వెళ్లారా, మీరు కల్పించారా?

వెళ్లారు. నాటకం మొదలయ్యేదే ఆ రోజుతో. 1788 ఆగస్టు 10. దర్వేష్ ఖాన్, అక్బర్ అలీ ఖాన్, ఉస్మాన్ ఖాన్ అనే ముగ్గురు రాయబారులు ఓడ దిగి, ఫ్రాన్సంతా దాటి, రాజు ముందు నిలబడ్డారు. ఇంగ్లీషువాళ్ల మీదికి సైన్యం కావాలని టిప్పు కోరిక. చూడటానికి జనం ఎగబడ్డారు. దర్వేష్ ఖాన్ బొమ్మని విజీ లెబ్రన్ అనే చిత్రకారిణి గీసింది, తెల్లటి జామా, చేతిలో కత్తితో.

రాజు మర్యాద చేశాడు, కానుకలిచ్చాడు. సైన్యం ఇవ్వలేదు. ఎలా ఇస్తాడు? సరిగ్గా ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 16న, ఫ్రాన్సు ఖజానా చెల్లింపులు ఆపేసింది. ఇంటికొచ్చిన చుట్టానికి వెండి కంచంలో భోజనం పెట్టి, వాళ్లు గడప దాటగానే అప్పులవాడు తలుపు కొట్టినట్టు. ఆ ఆరు రోజులే మా మొదటి అంకం.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి ఒప్పుకోవాలి. రాయబారుల పరివారంలో చిత్తూరు వైపు వంటవాడు ఒకడున్నట్టు, అతనూ కొవ్వొత్తులవాడూ సైగలతో మాట్లాడుకున్నట్టు రాశాను. అది పూర్తిగా కల్పన. ఆ వంటవాడికి పడ్డన్ని చప్పట్లు రాజుకి పడలేదు.

కిరీటంలో వజ్రం మనదేనని ఒక పాత్ర అంటుంది. అతిశయోక్తి కాదా?

కాదు. ‘రీజెంట్’ అనే ఆ వజ్రం కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికింది. ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. మద్రాసు కోట గవర్నరుగా ఉన్న థామస్ పిట్ దాన్ని కొని ఇంగ్లండుకి పంపాడు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. చెక్కాక బరువు 140 క్యారెట్లు. 15వ లూయీ కిరీటంలో ఉంది, 1775లో 16వ లూయీ పట్టాభిషేకం కిరీటంలోనూ ఉంది. 1792లో దొంగలు ఎత్తుకుపోయారు, మళ్లీ దొరికింది. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మరి ఆ నెక్లెస్ గొడవ? సగం మందికి అర్థం కాలేదు.

కథ అంత చిక్కుది. కుదించి చెబుతాను. 647 వజ్రాల హారం ఒకటి నగల వ్యాపారుల దగ్గర అమ్ముడుపోకుండా ఉండిపోయింది. ఖరీదు 16 లక్షల లీవర్లు (అప్పటి ఫ్రెంచి డబ్బు). రాణి వద్దంది. రాణి మెప్పు కోసం అల్లాడుతున్న రోహన్ అనే కార్డినల్‌కి (చర్చిలో పెద్ద హోదా ఉన్న మతగురువు) లామోత్ అనే ఆవిడ ‘రాణిగారు రహస్యంగా కొనాలనుకుంటున్నారు, మధ్యవర్తి మీరే’ అని నమ్మించింది. చీకట్లో తోటలో రాణిలా ఉన్న వేరే అమ్మాయిని కూడా చూపించింది. హారం ముక్కలై అమ్ముడుపోయింది. వ్యాపారులు డబ్బు కోసం రాణి దగ్గరికే వచ్చాక గుట్టు బయటపడింది. 1785 ఆగస్టు 15న, పండగ రోజు, పూజ బట్టల్లో ఉన్న కార్డినల్‌ని వెర్సాయ్‌లోనే అరెస్టు చేశారు. మరుసటి ఏడాది కోర్టు ఆయన్ని వదిలేసింది.

రాణి తప్పు ఇందులో ఏమీ లేదు. అయినా జనం ఆమెనే అనుమానించారు. దానికి చాలా ముందే ఆమె పేరు పాడైపోయింది మరి. నాటకంలో ఇది జరిగిపోయిన కథగా బట్టల గదిలో ఆడవాళ్ల గుసగుసల్లో వస్తుంది. వాళ్లు గబగబా మాట్లాడతారు, అందుకే కొందరికి అందలేదు. ఐదో ఆటకి నెమ్మదిగా చెప్పమన్నాను.

విగ్గులు తిరుమల తలనీలాలతో చేశారా?

ఈ ప్రశ్న నవ్వుతూ అడిగినవాళ్లే ఎక్కువ. లేదు. తలనీలాలు వేలంలో అమ్ముడుపోతాయి, మా బడ్జెట్‌కి అందవు. మా విగ్గులు జనపనార మీద దూది అంటించినవి, పైన టాల్కం పౌడరు. వెర్సాయ్‌లో వాడింది పిండి నుంచి తీసిన గంజిపొడి. జనానికి రొట్టె దొరకని రోజుల్లో దొరలు జుట్టుకి పిండి చల్లుకోవడం కళ్లకి ఎలా గుచ్చుకుని ఉంటుందో ఊహించుకోండి.

గౌన్ల సంగతి చెప్పాలి. ఆ నడుము పక్కన వెడల్పుగా నిలబడే చట్రాన్ని ఫ్రెంచిలో పానియే అంటారు, అంటే బుట్ట అని అర్థం. మేము నిజంగానే బుట్టలల్లే పెద్దాయన దగ్గరికి పోయి వెదురు బద్దలతో అల్లించాం. “ఇది దేనికి నాయనా, కోళ్లకా?” అని అడిగాడు. ఆ గౌనుతో మా రాణి వేషం అమ్మాయి గ్రీన్‌రూమ్ తలుపులో పట్టలేదు. పక్కకి తిరిగి, ఎండ్రకాయలా నడిచి వచ్చింది. వెర్సాయ్‌లోనూ తలుపుల దగ్గర అంతే.

రెండో అంకంలో రాణి తెల్లటి పల్చని నూలు గౌను వేసుకుంటుంది. అది చూసి పేద రాణి వేషం అనుకున్నారు కొందరు. 1783లో అలాంటి మస్లిన్ గౌనుతో ఆమె బొమ్మ గీసి ప్రదర్శనకి పెడితే గొడవైపోయింది, రాణి లోబట్టలతో ఉందేమిటని. బొమ్మ తీసేసి పట్టుగౌనుతో ఇంకొకటి పెట్టారు. పట్టు నేసే ఫ్రెంచి వాళ్లకి మరో మంట, మన దేశం నూలు కడుతోందని. మన తీరం అద్దకం గుడ్డలంటే వాళ్లకి ఎంత మోజంటే, వాటిని అక్కడ 1686 నుంచి 1759 దాకా నిషేధించాల్సి వచ్చింది. ఆ మాట కోసమే తెరలకి శ్రీకాళహస్తి కలంకారీ వాడాం. తెరల మీద రామాయణం ఉందేమని అడిగినవారికి: అద్దెకి దొరికింది అదే.

ఫ్రెంచి సేవకులు చిత్తూరు యాస మాట్లాడటం ఏమిటి?

ఫ్రెంచిలో మాట్లాడితే మీరు చూస్తారా? ప్రభువులకి పుస్తకం భాష పెట్టాను. సేవకులకి మన మాట పెట్టాను. కొవ్వొత్తులవాడు ఇంటికొచ్చి భార్యతో “మేయ్, ఈ పొద్దు ఆరు ముక్కలే మిగిలినాయి, రొట్టెకి చాలవు” అంటే అతనెవరో, ఏ మెట్టు మీద ఉన్నాడో ఇంకో మాట అక్కర్లేకుండా తెలుస్తుంది. యాస పెట్టింది నవ్వించడానికి కాదు. అయినా నవ్వుతున్నారు. అదొక్కటే నాకు కాస్త బాధ.

ఆ కొవ్వొత్తి ముక్కల వ్యాపారం నిజమేనా?

నిజమే. ఒకసారి వెలిగించి ఆర్పిన కొవ్వొత్తిని రాజభవనంలో మళ్లీ వెలిగించరు. మిగిలిన ముక్క ఆ గదిలో పనిచేసేవాళ్ల హక్కు. ఊళ్లో అమ్ముకుంటారు. రాజు బల్ల మీద మిగిలిన వంటకాలూ అంతే, ఊళ్లో అంగళ్లకి చేరేవి. ఉద్యోగాలు కూడా కొనుక్కున్నవే, వారసత్వంగా వచ్చేవే. అంటే రాజు దుబారా తగ్గిద్దామని ఒక గదిలో దీపాలు తగ్గిస్తే, ఎవడో ఒకడి ఇంట్లో పొయ్యి వెలగదు. దర్బారుని బాగుచేయడం ఎందుకంత కష్టమో ఆ కొవ్వొత్తి ముక్కతోనే చూపిద్దామనుకున్నాను.

భార్య లెక్క కూడా ఇక్కడిదే. 1788 జూలై 13న వడగళ్లు పడి పంట పోయింది. ఆ చలికాలం నదులు గడ్డకట్టాయి. మరుసటి జూలైకి పారిస్‌లో రెండు కిలోల రొట్టె పద్నాలుగున్నర సూలు (అక్కడి చిల్లర డబ్బు). రోజుకూలీ సంపాదన ఇరవై ముప్ఫై సూలు. పిల్లలున్న ఇంట్లో రోజుకొక రొట్టె కావాలి. మిగిలిన దాంట్లో అద్దె, కట్టెలు, బట్టలు. ఆమె చేతివేళ్ల మీద లెక్కపెట్టి, వేళ్లు అయిపోయాక ఊరుకుంటుంది. ఆ సీనుకి డైలాగు లేదు.

రాజుని మరీ మంచివాడిగా చూపించారు. మీరు రాజుల పక్షమా?

మంచివాడే. తాళాలు చేయడం ఇష్టం, వేట ఇష్టం, మొహమాటం ఎక్కువ. 19 ఏళ్లకి రాజయ్యాడు. మంచివాడు కావడం సరిపోకపోవడమే అతని కష్టం.

1789 మే 5న మూడు వర్గాల (చర్చివాళ్లు, ప్రభువులు, సామాన్యులు) సభ తెరిచారు. 1614 తర్వాత అది మళ్లీ కూడటం అదే మొదటిసారి. సామాన్యుల ప్రతినిధులకి నల్లబట్టలు, ప్రభువులకి బంగారు జరీ. రాజు టోపీ పెట్టుకోగానే ప్రభువులూ పెట్టుకున్నారు, అది వాళ్ల హక్కు. సామాన్యులు కూడా పెట్టేసుకున్నారు. దేశం దివాళా తీస్తుంటే ఆ గదిలో అందరి కళ్లూ టోపీల మీదే. సరిగ్గా నెల తిరక్కుండానే, జూన్ 4న, రాజుగారి పెద్ద కొడుకు ఏడేళ్లవాడు జబ్బుతో చనిపోయాడు. అప్పుడే ప్రతినిధులు కలవాలని పట్టుబడితే, వాళ్లలో తండ్రులెవరూ లేరా అని రాజు అడిగాడంటారు. ఆ మాట నాటకంలో ఉంది. అది విని కొందరు నన్ను రాజభక్తుడంటున్నారు. కొవ్వొత్తులవాడి బిడ్డ కూడా అదే చలికాలంలో పోతుంది, ఆ సీను కూడా గుర్తుపెట్టుకోమని మనవి.

బాస్టిల్ కోట పడిన రోజు రాజు డైరీలో ‘ఏమీ లేదు’ అని రాశాడా?

రాశాడు. కానీ అది ఎక్కువగా వేట డైరీ. ఆ రోజు జంతువేదీ పడలేదని దాని అర్థం. పారిస్ జనం మీదపడి పట్టుకున్న ఆ జైలు కోటలో అప్పుడున్న ఖైదీలు ఏడుగురే.

గిలెటిన్ ఏది? విప్లవం ఏది? అసలు ఘట్టం రాకుండానే తెర వేశారు.

మన పల్లెల్లో మహాభారతం ఆడినప్పుడు చివరి రోజు మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి చేసి పడేస్తారు. దానికి వేలమంది వస్తారు. మా నాయనమ్మ మాత్రం ఆ రోజు పోయేది కాదు. జూదం ఆడే రాత్రికి పోయేది. అక్కడే అంతా అయిపోతుందిరా, మిగిలిందంతా దుమ్మే అనేది. నేను నాయనమ్మ పక్షం.

1793 జనవరి 21న రాజునీ, అక్టోబర్ 16న రాణినీ చంపారు. అది అందరికీ తెలుసు. నాకు కావలసింది 1789 అక్టోబర్ 6. ముందు రోజు పారిస్ నుంచి ఆడవాళ్లు వానలో నడిచి వచ్చారు, రొట్టె కోసం. తెల్లవారి రాజకుటుంబాన్ని బండెక్కించి పారిస్ తీసుకుపోయారు. తిరిగి రాలేదు. పోతూ పోతూ రాజు యుద్ధమంత్రికి భవనం అప్పగించి, నా వెర్సాయ్‌ని కాపాడమని చెప్పాడట. ఆ మంత్రి కోడలు రాసిపెట్టింది, ఆ మధ్యాహ్నం వినిపించిందల్లా తలుపులూ కిటికీలూ మూసే చప్పుడేనని. మా నాటకం ఆ చప్పుడు దగ్గర ఆగుతుంది.

పిల్లల్ని తీసుకురావచ్చా? ఎంతసేపు? టికెట్?

పిలకాయల్ని నిక్షేపంగా తీసుకురండి, నిద్రలేచే సీనుకి పెద్దల కంటే వాళ్లే ఎక్కువ నవ్వారు. రెండు గంటల ఇరవై నిమిషాలు, మధ్యలో పదిహేను నిమిషాలు విరామం. టికెట్ 150 రూపాయలు, చదువుకునేవాళ్లకి 50. కొండ దిగి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం మొదటి సీను అయ్యాక ఒకసారి తలుపు తెరుస్తాం, తర్వాత తెరవం. ఆ విషయంలో మేమూ వెర్సాయే.

గ్రూప్స్ పరీక్షలకి పనికొస్తుందా?

తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆ వరకు పనికొస్తుంది. రాజ్యాంగం వచ్చేదాకా విడిపోమని సామాన్యుల ప్రతినిధులు ఒట్టేసుకున్న టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ జూన్ 20, బాస్టిల్ జూలై 14. చిత్తూరు వంటవాడి గురించి మాత్రం జవాబు పత్రంలో రాయకండి.

చివర్లో వెలిగే కొవ్వొత్తి నిజమైనదేనా?

నిజమైనదే. నాటకం మొత్తం మీద అదొక్కటే. మిగిలినవన్నీ బ్యాటరీవి. మేము రిహార్సల్సు చేసింది ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉన్న ఒక కల్యాణ మండపంలో. ఓనరుగారు నిప్పు అన్న మాటే ఎత్తొద్దన్నారు. ఆయన్ని ఒక రోజు కూర్చోబెట్టి చివరి సీను చూపించాం. కిటికీలన్నీ మూసేశాక కొవ్వొత్తులవాడు అలవాటు చొప్పున రాజు పడకగదికి వస్తాడు. పట్టుకోవడానికి ప్రభువులెవరూ లేరు. తనే వెలిగించి, తనే పట్టుకుని నిలబడతాడు. కాసేపటికి ఆర్పి, మిగిలిన ముక్కని జేబులో వేసుకోబోయి, ఊళ్లో ఇక కొనేవాళ్లుండరని గుర్తొచ్చి ఆగుతాడు.

ఓనరుగారు ఒక్కటికి ఒప్పుకున్నారు. పక్కన బకెట్టులో ఇసుక పెట్టుకోవాలన్నది షరతు. కుడివైపు తెర పక్కన మీకు కనిపించే బకెట్టు అదే, సెట్టులో భాగం కాదు.